ఆ పదిహేను అడుగుల ఫిల్ము: తెలుగు సినిమా దర్శకులకు ఒక పాత ఆపరేటర్ బహిరంగ లేఖ

దర్శకులకు, వారి పక్కన నిలబడి పనిచేసే కెమెరామెన్లకు, ఎడిటర్లకు నమస్కారం.

నేను గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఇరవై ఏడేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాను. 1984లో అసిస్టెంట్‌గా చేరి రీళ్లు చుట్టడం, తెగిన ఫిల్ము అతికించడం, వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు చూసుకోవడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. డిజిటల్ వచ్చి మా మెషీన్లు మూలపడ్డాక ఇంటికి వచ్చేశాను. సినిమా తీయడం నాకు తెలియదు. మీరు తీసింది జనం మీద ఎలా పనిచేస్తుందో మాత్రం రోజుకు నాలుగు ఆటల చొప్పున చూశాను. ఆ అనుభవంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ప్రొజెక్టర్లుండే క్యాబిన్ గోడకు ఒక్కో మెషీన్ దగ్గర రెండు కంతలుంటాయి. ఒకదాంట్లోంచి వెలుగు వెళ్తుంది, రెండోదాంట్లోంచి ఆపరేటర్ చూస్తాడు. మా హాల్లో బాల్కనీ లేదు. వెనక కుర్చీ, ముందు బెంచీ, తెర దగ్గర నేల. నడుమ ఒక అడ్డుగోడ, దానికి ఒక పక్క ఆడవాళ్లు, ఇంకో పక్క మగవాళ్లు. కొత్త సినిమా వచ్చిన రోజు నేను తెర చూసేవాణ్ణి. రెండో రోజు నుంచి తలలు చూసేవాణ్ణి. మనిషి మనసారా నవ్వితే తల వెనక్కి వాలుతుంది, లేకపోతే పక్కవాడి భుజం మీదికి ఒరుగుతుంది. మొహమాటానికి నవ్వితే చప్పుడు వస్తుంది గానీ తల కదలదు. ఇంకో రకం నవ్వు ఉంది. అది వచ్చినప్పుడు తలలు తెర మీద నుంచి పక్కకు తిరుగుతాయి, హాల్లో ఎవరినో వెతుకుతాయి. ఆ మూడో నవ్వు గురించి మీతో మాట్లాడాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

దాని కంటే ముందు, మీ ముందుతరం వాళ్లు మాకు ఇచ్చిన మంచి నవ్వు గురించి చెప్పాలి.

మాయాబజార్ 1957 నాటి సినిమా. నేను ఉద్యోగంలో చేరేనాటికే పాతబడింది. అయినా ఉదయం ఆటలకు తెచ్చినప్పుడల్లా హాలు నిండేది. శశిరేఖ వేషంలో తిరుగుతున్నది ఘటోత్కచుడని కె.వి.రెడ్డి గారు మనకు ముందే చూపించేశారు. ఆ రహస్యం పెళ్లికొచ్చిన కౌరవులకు తెలియదు, నేల టికెట్టు పిల్లాడికి తెలుసు. ఇక అక్కణ్ణుంచి సావిత్రి గారు కన్నెత్తి చూసినా నవ్వే. 'అహ నా పెళ్లియంట' పాటలో సుశీల గారి గొంతు ఆగి ఘంటసాల గారి గొంతు అందుకోగానే ఆవిడ నడక మారిపోతుంది. ఆ మార్పు ముఖంలో ఒక్కచోటే ఉండదు. భుజాల్లో, చేతుల్లో, అడుగులో ఉంటుంది. మనిషి నిండుగా కనబడితేనే అది తెలుస్తుంది. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే గారు ఆవిణ్ణి అలాగే చూపించారు.

పీటల మీద రేలంగి గారు హడలిపోతుంటే మా హాల్లో తలలన్నీ వెనక్కి వాలేవి. ఆడవాళ్ల వైపు నుంచి, మగవాళ్ల వైపు నుంచి ఒకేసారి, ఒకే మోతాదులో నవ్వు వచ్చేది. ఆ నవ్వు పడేది ఎవరి మీద? రాజుగారి కొడుకు మీద. ఇష్టం లేని పిల్లను పరపతితో చేసుకోబోతున్నవాడి మీద. కెమెరా మనల్ని ఘటోత్కచుడి పక్కన కూర్చోబెట్టింది కాబట్టి నిశ్చింతగా నవ్వుకున్నాం. 2010లో ఆ సినిమాకు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. అప్పటికి యాభై ఏళ్లు దాటినా జనం సరిగ్గా అక్కడే నవ్వారు.

1987 నాకు బాగా గుర్తున్న సంవత్సరం. ఆ ఏడాదే జంధ్యాల గారి అహ నా పెళ్లంట వచ్చింది, సింగీతం శ్రీనివాసరావు గారి పుష్పక విమానం కూడా ఆ ఏడాదిదే. ఒకదాని నిండా మాటలు. రెండోదాంట్లో ఒక్క మాట కూడా లేదు.

జంధ్యాల గారి సినిమాకు జనం రెండోసారి, మూడోసారి వచ్చేవారు. మొదటిసారి నవ్వుల్లో కొన్ని మాటలు వినబడేవి కావు మరి. అయినా కోట శ్రీనివాసరావు గారు పైనుంచి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ వట్టి అన్నం తినే చోట ఎవరూ ఏమీ అనకముందే హాలంతా ఘొల్లుమనేది. ఆ కోడి కనబడటమే హాస్యం. అక్కడ మనం నవ్వేది పిసినారితనాన్ని చూసి. ఆ మనిషి రంగునో, ఒళ్లునో, మాటతీరునో చూసి కాదు. పిసినారితనం ఎవరికి వారు తెచ్చుకునే గుణం. పైగా మా హాల్లో కూర్చున్న పిసినారులు కూడా పడీ పడీ నవ్వేవారు, అది తమ గురించి అని వాళ్లు అనుకోరు కదా.

పుష్పక విమానం మొదటి ఆటకు నన్ను తిట్టారు. పది నిమిషాలైనా ఎవరూ మాట్లాడకపోయేసరికి "సౌండు, సౌండు" అని క్యాబిన్ వైపు తిరిగి ఈలలు. తర్వాత హాలు సర్దుకుంది. సినిమా హాలు పక్కన గదిలో రోజూ ఆ గోలలో పడుకునే కుర్రాడికి పెద్ద హోటల్లో నిద్ర పట్టదు. వెళ్లి ఆ చప్పుడంతా టేపు మీద రికార్డు చేసుకొచ్చి, దాన్ని వింటూ నిద్రపోతాడు. ఒక్క మాటైనా లేకుండా పేదవాడి జీవితమంతా చెప్పిన సీను అది. జనం నవ్వారు, నవ్వుతూనే కొంచెం నిశ్శబ్దమయ్యారు. అందంగా చుట్టిన బహుమతి పొట్లంలో ఏముందో కెమెరా మనకు ముందే చెప్పేస్తుంది. ఇక దాన్ని ఆశగా ఎత్తుకుపోయేవాణ్ణి చూస్తుంటే పొట్ట చెక్కలయ్యేది. మనకు ఎంత తెలియాలి, తెర మీద వాడికి ఎంత తెలియాలి అన్న కొలతంతా దర్శకుడి చేతిలోనే ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది.

నవ్వుకు చోటు ఇవ్వడం కూడా అలాంటి కొలతే. మంచి దర్శకుడు జోకు పేలాక వెంటనే ఇంకో మాట పెట్టడు. ఒక ముఖాన్ని ఊరికే చూపిస్తాడు, ఒకటి రెండు ఊపిరులు తీసేంత సేపు. హాలు నవ్వుకుని తేరుకునేసరికి తర్వాతి మాట వస్తుంది. తొందరపడే దర్శకుల సినిమాల్లో "ఏమన్నాడు, ఏమన్నాడు" అని ఒకరినొకరు అడుగుతుంటే ఆ గుసగుసలో ఇంకో రెండు మాటలు పోయేవి. మీరు ఎడిటింగ్ గదిలో నలుగురితో చూసేటప్పుడు ఈ చోటు తెలియదు. నిండిన హాల్లోనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి నత్తి. నెమ్మదిగా, ఆగి ఆగి మాట్లాడతాడు. మాట అందని చోట కళ్లు మూసుకుంటాడు. వాడికి సినిమాలంటే ప్రాణం. నేను ఆపరేటర్ని కావడంతో టికెట్టు అడిగేవాళ్లు కాదు. అయినా క్యాబిన్లోకి వచ్చేవాడు కాదు, జనంలో కూర్చుని చూస్తేనే సినిమా అనేవాడు. బెంచీలో నాలుగో వరస, చివర చోటు వాడిది.

తొంభైల్లో ఒక సంక్రాంతికి ఒక సినిమా వచ్చింది. పేరు చెప్పను, తీసినవారి పేరూ చెప్పను. అందులో ఒక కుర్రాడు పెళ్లిచూపులకు వస్తాడు. పేరేమిటని అడుగుతారు. మొదటి షాట్లో గదిలో అందరూ కనిపిస్తారు. రెండో షాట్లో ఆ కుర్రాడి నోరు ఒక్కటే తెర నిండా, కింద నుంచి, పెదాలు పెద్దవిగా కనబడే లెన్సుతో. మూడోదాంట్లో హీరో, అతని పక్కన నలుగురు కడుపు పట్టుకుని నవ్వుతుంటారు. నాలుగోది మళ్లీ నోరు. అక్షరం పట్టుకున్న ప్రతిసారీ వెనకాల స్ప్రింగు సాగదీసి వదిలినట్టు ఒక చప్పుడు. నాలుగు షాట్లూ కలిపి పది సెకన్లు. మా లెక్కలో చెప్పాలంటే ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అడుగున్నర నడుస్తుంది. పది సెకన్లంటే పదిహేను అడుగులు, ఇంచుమించు రెండున్నర బారలు.

రెండో రోజు ఫస్ట్ షోకి తమ్ముడు వచ్చాడు. ఆ సీను వచ్చింది. హాలు నవ్వింది. నేను కంతలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు బెంచీలో ఒక తల తిరిగింది, తర్వాత దాని పక్కది, తర్వాత నలభై యాభై తలలు. తెర వదిలేసి నాలుగో వరస చివరకు చూస్తున్నాయి. ఊళ్లో అందరికీ వాడు తెలుసు మరి. తమ్ముడు కదల్లేదు. ఇంటర్వెల్ దాకా అలాగే కూర్చుని, మెట్లెక్కి క్యాబిన్లోకి వచ్చి, రీళ్లు వెనక్కి చుట్టే రివైండర్ పక్కన నిలబడ్డాడు. ఏమీ మాట్లాడలేదు. మిగతా సినిమా కంతలోంచి చూశాడు. ఆ తర్వాత హాలు మూతపడి మెషీన్లు పోయేదాకా ఏ సినిమా అయినా అక్కణ్ణుంచే చూశాడు. బెంచీలోకి మళ్లీ వెళ్లలేదు.

మర్నాటి నుంచి ఊళ్లో పిల్లలు వాణ్ణి చూస్తే ఆ స్ప్రింగు చప్పుడు నోటితో చేసేవారు. వాళ్లకు ఆ చప్పుడు అంతకుముందు తెలియదు, మా హాల్లోనే నేర్చుకున్నారు. వాడు కిరాణా కొట్టుకు చీటీ రాసి పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు.

ఆ సినిమా మూడు వారాలు ఆడింది. ఎనభై నాలుగు ఆటలు. నా చేత్తోనే వేశాను. ఒక రాత్రి సెకండ్ షో అయ్యాక ఆ రీలు రివైండర్ మీద పెట్టి, ఆ పదిహేను అడుగుల దగ్గర ఆపి, కత్తెర తీశాను. ప్రింటు మాది కాదు. ఉద్యోగం పోతుందన్న భయమూ ఉంది. కత్తెర పక్కన పెట్టి బల్ల దీపం ముందు ఆ ఫ్రేములు ఒక్కొక్కటీ చూశాను. అప్పుడు నాకు తెలిసిన విషయం చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఆ కుర్రాడి ఫ్రేముల్లో నవ్వొచ్చేది ఏమీ లేదు. ఆ నటుడు బాగా చేశాడు. కళ్లలో ఆ కష్టం, ఆ సిగ్గు అచ్చం మా తమ్ముడివే. దానికి ముందూ వెనకా అతికించిన ముక్కల్లో ఉంది నవ్వు. హీరో ముఖంలో ఉంది, ఆ లెన్సులో ఉంది, సౌండు ట్రాకులో ఉంది.

రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు సుమారు వందేళ్ల కిందట ఈ సంగతి మీద ఒక ప్రయోగం చేశాడని తర్వాత చదివాను. మీరందరూ చదువుకునే ఉంటారు. ఒకే నటుడి ముఖం, ఒకే చూపు. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీని పెట్టాడు. చూసినవాళ్లు ఆ ఒకే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చూశారట. ఆ చదువు లేకుండానే ఆ రాత్రి బల్ల దగ్గర నాకు అదే తోచింది. ఆ కుర్రాడి ముఖం పక్కన హీరో నవ్వు బదులు తలుపు చాటున నిలబడ్డ తల్లి ముఖం అతికిస్తే, అదే హాలు, అదే జనం గుక్క బిగబట్టి కూర్చునేవారు.

"జనం నవ్వుతున్నారు కాబట్టే పెడుతున్నాం" అని మీలో కొందరు ఇంటర్వ్యూల్లో అంటుంటే విన్నాను. నేను చూసినదాన్ని బట్టి అది నిజం కాదు. మాయాబజార్‌కి పీటల మీది రాజకుమారుణ్ణి చూసి నవ్వినవాళ్లూ, మా తమ్ముడి వైపు తలలు తిప్పినవాళ్లూ ఒకే ఊరివాళ్లు, చాలామంది ఒకే మనుషులు. సినిమా వాళ్లను ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డారు. తెర మీద నలుగురు నవ్వుతున్నట్టు చూపిస్తే ఇక్కడ నవ్వొచ్చని వాళ్లకు అనుమతి దొరుకుతుంది. చీకట్లో కూర్చుని మీ వెంట నడిచే మనుషులు వాళ్లు. ఎటు తీసుకెళ్తే అటు వస్తారు. ఆ నమ్మకాన్ని మీరు తేలిగ్గా తీసుకోకూడదు.

నత్తి మీద హాస్యమే వద్దని నేను అనను. మా తమ్ముడే ఒక కథ చెప్పి మమ్మల్ని నవ్విస్తుంటాడు. ఒకసారి బస్సెక్కి "రా... రా..." అంటున్నాడట. కండక్టరు తొందరలో ఉన్నాడు. "రాజమండ్రా?" తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "రావులపాలెమా? రాజోలా?" వీడు వెళ్లాల్సింది రామచంద్రపురం. వీడు చెప్పేలోపే రావులపాలెం టికెట్టు చింపి చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాడు కండక్టరు. వెనక సీటు ముసలావిడ "కాదంటున్నాడు కదయ్యా, ఒక్క క్షణం ఆగు" అంది. ఆగమన్నందుకు ఆవిడ మీద విసుక్కుంటూ ఆవిడకీ రావులపాలెమే కొట్టాడు. ఆవిడదేమో మండపేట.

ఈ సీను మీరు తీస్తే కెమెరా ఎక్కడ పెడతారు? తమ్ముడి నోటి ముందు పెడితే అది ఆ సంక్రాంతి సినిమానే. తమ్ముడి భుజం వెనక పెట్టి కండక్టరు ముఖం చూపించండి. ఒక్క క్షణం ఆగలేని ఆ ముఖం, ఆ టెన్షన్, తప్పు టికెట్టు మీద తప్పు టికెట్టు. మాటలు అవే, మనుషులు వాళ్లే, నవ్వు రెట్టింపు వస్తుంది. ఆ నవ్వు పడాల్సింది తొందర మీద. సినిమా అయ్యాక ఇంటికెళ్లే జనంలో ఒక్కడైనా, నత్తి ఉన్నవాడు మాట్లాడుతుంటే తాను కూడా మధ్యలో అందుకుంటానన్న సంగతి గుర్తు చేసుకుంటాడు.

నేను చెబుతున్నది నత్తి ఒక్కదాని గురించే కాదని మీకు తెలుసు. లావుగా ఉన్న ఆడమనిషి తెర మీదికి రాగానే కెమెరాను అదిరేలా చేసి, భూకంపం చప్పుడు వేస్తారు. అలాంటప్పుడు మా హాల్లో అడ్డుగోడకు ఒక పక్క నుంచే నవ్వు వచ్చేది, ఆడవాళ్ల వైపు నిశ్శబ్దం. నల్లటి పిల్లను చూపించి పక్క షాట్లో హీరో స్నేహితుడు మూర్ఛపోవడం, కమెడియన్ని చెంపదెబ్బ కొట్టి ఆ చప్పుడు మూడింతలు చేయడం, ఇవన్నీ ఆ పదిహేను అడుగుల చుట్టాలే. పాత రోజులన్నీ బంగారమనీ అనను. గూనివాళ్లనీ చెవిటివాళ్లనీ చూసి నవ్వమన్న పాత సినిమాలు నేనే వేశాను.

2024 జులైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో తీర్పు చెబుతూ, వైకల్యాన్ని చులకన చేసే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు అని చెప్పింది. ఆ సినిమాను ఆపలేదు గానీ, వికలాంగులను తెర మీద ఎలా చూపించాలన్న దాని మీద కొన్ని సూచనలు చేసింది. మంచిదే. కానీ ఈ తేడా కోర్టు దాకా వెళ్లి తేల్చుకోవాల్సింది కాదని నా అభిప్రాయం. సెన్సార్ బోర్డు కత్తెర మీద కూడా నాకు ఆశ లేదు, వాళ్లు మాటలు కత్తిరిస్తారు. లెన్సునూ, కెమెరా ఎత్తునూ, నాలుగో షాట్ తర్వాత ఏ ముఖం రావాలన్నదాన్నీ కత్తిరించలేరు. అది మీ ఒక్కరి చేతిలోనే ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొందరు దర్శకులు ఈ మధ్య ఈ తప్పు సరిదిద్దుకోబోయి ఇంకో వైపు పడుతున్నారు. వైకల్యం ఉన్న మనిషి రాగానే వయొలిన్, కళ్ల నిండా నీళ్లతో క్లోజప్, చుట్టూ అందరూ జాలిగా చూడటం. అప్పుడు కూడా కెమెరా ఎదురుగానే ఉంటుంది, పక్కన ఉండదు. హీరో వేసే జోకులు వాళ్లనీ వేయనివ్వండి. వాళ్లకూ కోపం, గడుసుదనం, పిసినారితనం ఉండనివ్వండి.

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మీ సినిమా విడుదలయ్యాక ప్రసాద్ ల్యాబులోనో మల్టీప్లెక్సులోనో మీ వాళ్ల మధ్య చూడటంతో సరిపెట్టకండి. వారం తిరిగాక ఒక చిన్న ఊరికి వెళ్లి మ్యాట్నీకి టికెట్టు కొనండి. ముందు వరసలో, గోడ వారగా ఒక చోటు చూసుకుని తెరకు వీపు పెట్టి కూర్చోండి. మీ సినిమా మీకు షాటు షాటూ తెలుసు, చూడనక్కర్లేదు, చప్పుడు చాలు. తెర వెలుగు జనం ముఖాల మీద పడుతుంటుంది. నేను ఇరవై ఏడేళ్లూ వెనక నుంచి తలలే చూశాను, మీకు ముఖాలు కనిపిస్తాయి. మీరు గొప్పగా అనుకున్న జోకు దగ్గర ఎవరు నవ్వారో చూడండి. ఎవరు నవ్వలేదో చూడండి. ఎవరైనా తల తిప్పితే ఎటు తిప్పారో, ఆ చూపు చివర ఎవరు కూర్చున్నారో చూడండి. ఆ మనిషి ముఖం చూశాక మీ తర్వాతి సినిమాకు కెమెరా ఎక్కడ పెట్టాలో నేను చెప్పనక్కర్లేదు.

మా తమ్ముడికి ఇప్పుడు యాభై దాటాయి. సినిమాలు ఫోన్లో చూస్తాడు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రిపూట. నవ్వొస్తే పక్కగదిలోకి వినబడేంత గట్టిగా నవ్వుతాడు. ఈ లేఖ పంపే ముందు వాడికి చదివి వినిపించాను. బస్సు కథ దగ్గర నవ్వాడు, మండపేట ముసలావిణ్ణి మర్చిపోయావని గుర్తు చేసి చేర్పించాడు. వాడి గురించి మొదటిసారి రాసిన చోట నేను 'పాపం' అని ఒక మాట పెట్టాను. అది కొట్టేయమన్నాడు. కొట్టేశాను.

మా ఊరి పక్కనే కొత్తగా హాలు కట్టారు. మీలో ఎవరైనా ఆ మ్యాట్నీకి ఇటువైపు వస్తే ముందుగా కబురు పెట్టండి. వాడూ నేనూ వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
గోదావరి జిల్లా నుంచి ఒక పాత సినిమా ఆపరేటర్